మీకు తెలుసా? చికిత్స తర్వాత క్యాన్సర్ కణం తన గుర్తును పోగొట్టుకోగలదు

బి-లింఫోబ్లాస్టిక్ రకం తీవ్ర రక్తక్యాన్సర్‌లో దాదాపు ప్రతి రోగి కణాల మీదా సీడీ19 అనే ప్రొటీన్ ఉంటుంది. ఫ్లో సైటోమెట్రీ పరీక్ష వెతికేది ఇలాంటి గుర్తులనే. వాటిని పట్టుకుని కణాన్ని చంపే చికిత్సలూ వచ్చాయి. రోగి రోగనిరోధక కణాలనే సీడీ19ను పట్టుకునేలా మార్చి ఇచ్చే, 2017లో అమెరికా ఆమోదించిన తొలి కార్-టీ చికిత్స, 75 మంది పిల్లలు, యువతపై జరిగిన పరీక్షలో మూడు నెలల్లోపే 81 శాతం మందిలో జబ్బును అణచగలిగింది. వాళ్లంతా జబ్బు తిరగబెట్టినవాళ్లు, లేదా మందులకు లొంగనివాళ్లు. అందుకే ఇది చాలా పెద్ద మాట.

అయినా గుర్తు ఉంటే చాలు, చికిత్స ఫలిస్తుందనుకోవడం తొందరపాటే. ఆ చికిత్స తర్వాత మళ్లీ జబ్బుపడిన కొందరి కణాల మీద సీడీ19 కనిపించదు. జన్యు మార్పులతో ఆ ప్రొటీన్ తయారీ ఆగిపోతుంది, లేదా చికిత్స అతుక్కునే భాగం లోపిస్తుంది. అలాంటి కణాలే బతికి పెరుగుతాయి. మరి గుర్తులను నమ్మి లాభమేమిటని అడగవచ్చు. సీడీ19 పోయినా సీడీ22 అనే మరో గుర్తు తరచూ మిగిలే ఉంటుంది. దాన్ని పట్టుకునే ఇనోటుజుమాబ్ మందు ఉంది. కాబట్టి పాత రిపోర్టుతో సరిపెట్టుకోకుండా కణాలను మళ్లీ పరీక్షించడం తప్పనిసరి అంటాను. చికిత్స తర్వాత ఒంట్లో మిగిలిన జబ్బును వెతికేటప్పుడు కూడా సీడీ19 ఒక్కటే ఆధారమైతే, దాన్ని పోగొట్టుకున్న కణాలు పరీక్షకు చిక్కవు.