కాదన్న మాటకు కాగితం ఏదీ?

గ్రామసభలో ఇళ్ల జాబితా చదవడం ముగుస్తుంది. పేరు వినబడని మనిషి లేచి, తన పేరెందుకు లేదని అడుగుతాడు. ‘ఆన్‌లైన్‌లో రాలేదు’ అని ఒకరు చెబుతారు. ‘పైనుంచే అట్ల వచ్చింది’ అని మరొకరు. ‘ఇది మొదటి విడతే, రెండో విడతలో చూద్దాం’ అని పెద్దమనిషి తరహాలో ఇంకొకరు సర్దిచెబుతారు. 2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణ పల్లెల్లో జరిగిన గ్రామసభల్లో అనేక చోట్ల గొడవలకు దారితీసిన ప్రశ్న ఇదే. కుర్చీలు విరిగిన వార్తలు పత్రికల్లో వచ్చాయి. ప్రశ్నకు జవాబు మాత్రం ఎక్కడా రాతపూర్వకంగా రాలేదు.

ఈ మూడు జవాబుల్లో ఉన్న చాకచక్యాన్ని గమనించాలి. వీటిలో ఏదీ నిర్ణయం కాదు. ‘నీకు ఇల్లు మంజూరు చేయడం లేదు, కారణం ఇది’ అని ఎవరూ అనలేదు కనుక సవాలు చేయడానికి చేతిలో ఏమీ ఉండదు. అప్పీలు చేయాలంటే ఉత్తర్వు ఉండాలి. ఉత్తర్వు మీద తేదీ, సంతకం ఉండాలి. నోటిమాటతో తోసిపుచ్చితే నిరాకరణ జరిగిపోతుంది, నిరాకరించినవాడు మాత్రం ఎక్కడా కనిపించడు. ఊరికి దూరంగా నెట్టబడిన వాడల అనుభవంలో ఇది కొత్త విషయమేమీ కాదు. గుడిలోకి రావద్దని, బావి దగ్గర ఆగమని ఎవరూ ఏనాడూ కాగితం రాసి ఇవ్వలేదు.

గృహ పథకాల నిబంధనల్లో కులం పేరుతో ఎవరినీ మినహాయించరు. పైగా చరిత్ర చూస్తే ఇవి దళితుల పేరు మీదే మొదలయ్యాయి. 1985-86లో ఇందిరా ఆవాస్ యోజన ప్రారంభమైనప్పుడు అది షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెట్టి నుంచి విముక్తులైన కార్మికుల కోసం ఉద్దేశించిన పథకం. 1993-94లో దాన్ని ఇతర పేదలకూ విస్తరించారు. 2016లో దాని స్థానంలో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో కూడా జాతీయ స్థాయి లక్ష్యంలో 60 శాతం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలని రాసుకున్నారు. కాగితం మీద ఇంత అనుకూలంగా కనిపించే పథకం వాడ దాకా వచ్చేసరికి ఎందుకు మొండికేస్తుందో తెలియాలంటే అర్హత నిబంధనను కాదు, దాని కింద అడిగే రుజువులను చూడాలి.

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించారు. ఇంటికి 5 లక్షల రూపాయల సాయం. దరఖాస్తుదారులను మూడు జాబితాలుగా విడదీశారు. సొంత స్థలం ఉండి ఇల్లు లేనివారు ఎల్-1, స్థలమూ ఇల్లూ రెండూ లేనివారు ఎల్-2, మిగిలినవారు ఎల్-3. మొదటి విడత ఎల్-1 వారికి. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా ఇది సహేతుకంగానే అనిపిస్తుంది. స్థలం ఉన్నచోట పని త్వరగా మొదలవుతుంది కదా. అయితే మన పల్లెల్లో స్థలం ఎవరికి ఉన్నది, ఎవరికి లేదు అన్నది కులాన్ని పక్కన పెట్టి చెప్పగలిగిన సంగతి కాదు. స్థలం లేనివారు స్థలం ఉన్నవారి తర్వాత అన్నప్పుడు, అన్నీ లేనివారిని వెనక్కి నెట్టే వరుస ఒకటి తయారవుతుంది. ఆ వరుసకు కులం పేరు పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాదు.

స్థలం ఉన్న దళిత కుటుంబాల పరిస్థితి మరింత చిక్కు. వాడలో చాలా ఇళ్లు ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చిన పట్టా జాగాల్లో ఉన్నవి. పట్టా తాత పేరు మీద ఉంటుంది. తాత పోయాడు, తండ్రి పేరుకు అది మారలేదు. ఇవాళ అదే జాగాలో ముగ్గురు అన్నదమ్ముల కాపురాలు. పంపకం నోటిమాట మీద జరిగింది, రిజిస్ట్రేషన్ కాలేదు. కొత్త ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. ముగ్గురూ కట్టుకుంటే 1200 చదరపు అడుగులు, అంటే 130 గజాలకు పైగా కట్టుబడి స్థలమే కావాలి. తాతకు ఇచ్చిన జాగా అంత ఉంటేగా! పోనీ ఒక్కరే పెట్టుకుందామంటే, ఉమ్మడి రాష్ట్రంలో అదే జాగాలో తండ్రి పేరున ఇల్లు మంజూరైనట్టు రికార్డు చూపిస్తుంది. ఆ ఇల్లు బేస్‌మెంట్ దగ్గరే ఆగిందా, కప్పు పడిందా, బిల్లు ఎవరు తిన్నారు అన్నది రికార్డులో ఉండదు. ‘ఈ కుటుంబం గతంలో లబ్ధి పొందింది’ అన్న ఒక్క ముక్క ఉంటుంది. సర్వే రోజున కుటుంబం వలసలో ఉండి తలుపుకు తాళం ఉంటే ఆ ముక్క కూడా అక్కర్లేదు.

వీటిలో ప్రతి ఒక్కదానికీ జవాబు ఉంది. తాత మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ ధ్రువీకరణ, కూలిన గోడ ఫోటో, ఆనాటి బిల్లుల నకలు. కారణం ఏమిటో తెలిస్తే దాన్ని ఖండించే కాగితాన్ని ఎక్కడినుంచైనా సంపాదించవచ్చు. తెలియనివ్వకపోవడంలోనే ఉన్నది అసలు అధికారం.

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఈ విషయంలో ఆలోచింపజేస్తుంది. 2020 డిసెంబరు 25న అక్కడ ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. ఊరికి దూరంగా వేసిన లేఅవుట్ల మీద, సెంటు జాగాలో కాపురం సాధ్యమా అన్నదాని మీద వచ్చిన విమర్శలు సరైనవే. లబ్ధిదారుల వడపోతకు వాడిన ఆరంచెల పరిశీలనలో నెలకు 300 యూనిట్ల కరెంటు, కారు, ఆదాయపు పన్ను వంటి కొలమానాలు ఉండేవి. ఒకే మీటరు మీద రెండు మూడు కుటుంబాలు బతికే ఇళ్లకు ఈ యూనిట్ల లెక్క అన్యాయమే. కానీ సచివాలయం గోడ మీద అర్హుల జాబితాతో పాటు అనర్హుల జాబితా అంటించేవారు. పేరు పక్కన ‘కరెంటు’ అనో, ‘భూమి’ అనో ఉండేది. అన్యాయమైన కారణమే కావచ్చు, అయినా కంటికి కనిపించే కారణం. మనిషి నేరుగా కరెంటు ఆఫీసుకు వెళ్లి, ఈ మీటరు మాది కాదని పోట్లాడగలిగాడు. ఆధార్ వేరొకరి భూమికి ముడిపడిందని తహశీల్దారు కార్యాలయంలో నిలదీయగలిగాడు. చెడ్డ నిబంధన కింద కూడా కారణం రాసి ఉంటే కొట్లాటకు చోటు దొరుకుతుంది. మంచి నిబంధన కింద కారణం లేకపోతే ఆ చోటు ఉండదు.

రెండో చిక్కు, ఆ ఫిర్యాదు వినేది ఎవరన్నది. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం జీవో ఇచ్చి ఊరూరా ఇందిరమ్మ కమిటీలను ఏర్పాటు చేసింది. అప్పటికి సర్పంచుల పదవీకాలం ముగిసి నెలలు గడిచాయి, పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. కమిటీలో మహిళా సంఘాల సభ్యులు, స్థానికులు ఉంటారు, బీసీలకు ఒకరు, ఎస్సీ లేదా ఎస్టీలకు ఒకరు అన్న ప్రాతినిధ్య నియమమూ ఉంది. ఆ ఒక్క సభ్యుణ్ణి ఎవరు ఎంచుకుంటారు, అతను మాట్లాడగలడా, మాట్లాడితే మరునాడు ఏమవుతుంది అన్నవి జీవోకు పట్టని ప్రశ్నలు. పేరు పోయిన కూలి మనిషి ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? వచ్చే వారం నాటుకు పిలవాల్సిన పటేలు మీద, అప్పు కోసం వెళ్లాల్సిన వాకిలి మీద.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ అంబేడ్కర్ గ్రామాన్ని పాలనకు పునాది చేయకుండా వ్యక్తిని ప్రాథమిక ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషించారు. గ్రామం మీద ఆయన అవిశ్వాసం అనుభవం నుంచి వచ్చింది. తర్వాత 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు హోదా ఇచ్చింది, గ్రామీణ గృహనిర్మాణాన్ని 11వ షెడ్యూలులో చేర్చింది, దళితులకు, ఆదివాసులకు, మహిళలకు రిజర్వేషన్ తెచ్చింది. దాన్ని వెనక్కి తిప్పమని ఎవరూ అనడం లేదు. గ్రామసభ జాబితా తయారు చేయవచ్చు. గ్రామసభ తీర్పు మీద అప్పీలు కూడా అదే అరుగు మీద నడవాలనడమే సమ్మతం కాదు.

ఈ సూత్రం సరిగ్గా గృహ సాయం విషయంలోనే ఒక అంతర్జాతీయ న్యాయస్థానం ముందుకు వచ్చింది. బ్రిటన్‌లో అద్దె కట్టలేని పేదలకు ఇచ్చే గృహ భత్యాన్ని స్థానిక కౌన్సిళ్లు నిర్ణయిస్తాయి. ఇథియోపియా నుంచి 1993లో వచ్చి ఆశ్రయం కోరిన ఒక మహిళ, భాష సరిగా రాక, ఆ వ్యవస్థ తెలియక, లండన్‌లోని హ్యామర్‌స్మిత్ అండ్ ఫుల్హామ్ కౌన్సిల్‌కు భత్యం పునరుద్ధరణ దరఖాస్తును సకాలంలో ఇవ్వలేకపోయింది. అద్దె బకాయి పడింది. పాత కాలానికి భత్యం ఇవ్వడానికి కౌన్సిల్ నిరాకరించింది. ఆమె అప్పీలు విన్న సమీక్ష మండలిలో కూర్చున్నది అదే కౌన్సిల్ సభ్యులు. సొమ్ము ఇవ్వవలసి వస్తే కొంత భారం పడేదీ ఆ కౌన్సిల్ మీదే. 2006 నవంబరులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం త్స్ఫాయో కేసులో, ఆమె చెప్పినదాన్ని నమ్మాలా వద్దా అని తేల్చే పని స్వతంత్రమైన, నిష్పక్షపాతమైన న్యాయస్థానం చేయలేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాకముందే, 2001లోనే, బ్రిటన్ ఆ మండళ్లను రద్దు చేసి అప్పీళ్లను స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పగించింది. ఈనాడు అక్కడ గృహ భత్యం నిరాకరిస్తే ఆ నిర్ణయం రాతపూర్వకంగా రావాలి, కారణాలు అడిగే హక్కు, నెల రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు ఉన్నాయని అందులోనే తెలపాలి.

బ్రిటన్‌ను ఆదర్శంగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అక్కడి పేదల కష్టాలు అక్కడివి. అక్కడ కౌన్సిలర్ల పక్షపాతానికి అవకాశం డబ్బు వల్ల వచ్చింది. అంత పలుచని ప్రయోజనాన్నే న్యాయస్థానం సహించలేదు. మన ఊళ్లో ఎంపిక చేసేవారికీ, ఎంపిక కానివారికీ మధ్య భూమి ఉంది, కూలి ఉంది, అప్పు ఉంది, తరాల కులం ఉంది.

మన చట్టంలో ఆధారాలు లేకపోలేదు. సమాచార హక్కు చట్టం, 2005లోని 4(1)(డి) నిబంధన ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ పరిపాలనా నిర్ణయాలకు గల కారణాలను ఆ నిర్ణయాల వల్ల ప్రభావితులైన వారికి తెలపాలి. అడిగితే ఇవ్వడం గురించిన నిబంధన కాదిది, అడగకుండానే నెరవేర్చవలసిన బాధ్యత. దీన్ని ఉటంకిస్తూ దరఖాస్తు ఇస్తే 30 రోజుల్లో జవాబు రావాలి. గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబు రాకుంటే మొదటి అప్పీలు ఉంది. ఆ జవాబులో రాసిన కారణం విలువైనది. ఉత్తర్వులో చెప్పని కారణాలను తర్వాత కోర్టులో ప్రమాణ పత్రం ద్వారా చేర్చి దాన్ని నిలబెట్టుకోవడం కుదరదని 1977 నాటి మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కేంద్ర పథకం కింద తిరస్కరణ అయితే జిల్లా స్థాయి అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు. ఆ తర్వాత 226వ అధికరణ కింద హైకోర్టు ఉంది. లాయరు ఫీజు మాట వస్తుంది. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. కులం మీద రాజకీయంగా ఎంతో చదివిన నా విద్యార్థుల్లో చాలామందికి ఈ సెక్షన్ తెలియదని తరగతిలో చూస్తుంటాను.

1995 నాటి చమేలీ సింగ్ కేసును కూడా గుర్తుచేసుకోవాలి. నివాస హక్కు జీవించే హక్కులో భాగమని చెప్పడానికి అందరూ దాన్ని ఉదహరిస్తారు. ఆ కేసు ఎలా వచ్చిందో తక్కువమంది చెబుతారు. ఉత్తరప్రదేశ్‌లో దళితులకు ఇళ్ల స్థలాల కోసం ప్రభుత్వం భూమి సేకరిస్తే, భూయజమానులు దాన్ని సవాలు చేస్తూ కోర్టుకెక్కారు. సవాలు చేసే అలవాటు, దానికి కావలసిన కాగితాలు, వకీళ్లు ఏ వైపున ఉంటాయో ఆ కేసు చూపించింది. తీర్పు దళితుల పక్షాన వచ్చింది, నిజమే. కానీ కోర్టు మెట్లెక్కినది వారు కాదు.

కనుక అడగవలసినది చిన్నదే. దరఖాస్తు తిరస్కరించిన ప్రతి కుటుంబానికీ తెలుగులో ఒక పేజీ నోటీసు, అందులో కారణం, అప్పీలు ఎక్కడ, ఎన్ని రోజుల్లో అన్న వివరం ఇవ్వాలి. అప్పీలు ఊరి కమిటీ చేతిలో కాకుండా మండలం దాటిన చోట ఉండాలి, అక్కడ ఆ ఊరివారెవరూ సభ్యులుగా ఉండకూడదు. పట్టా తాత పేరున ఉన్న కుటుంబాలకు వారసత్వ ధ్రువీకరణ తెచ్చుకునే గడువు ఇవ్వాలి, అంతవరకు పేరు కొట్టేయకూడదు. మంజూరైనవారి లెక్కతో పాటు తిరస్కరణకు గురైనవారి లెక్క కూడా కులాలవారీగా మండల కార్యాలయం గోడ మీద కనిపించాలి. ఎంపికైనవారిలో ఎస్సీల శాతం ఎంతో ప్రభుత్వాలు గర్వంగా చెబుతాయి. దరఖాస్తు పెట్టి వెనక్కి వచ్చినవారిలో ఎంత శాతమో ఎవరూ చెప్పరు.

లక్షల దరఖాస్తులకు నోటీసులు ఇవ్వడం సాధ్యమా అని అధికారులు అంటారు. నెలనెలా ప్రతి ఇంటి గుమ్మంలో కరెంటు బిల్లు అచ్చువేసి చేతికిచ్చే రాష్ట్రాలివి. పంచాయతీ ఇంటిపన్ను బకాయి నోటీసు దళితవాడలో ఏ గుడిసెనూ మరిచిపోదు. ఆ నోటీసు మీద పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు తప్పు లేకుండా ఉంటాయి.