సెప్టెంబర్ 28: మూసీ వరద నుంచి గబ్బిలం దాకా

హైదరాబాద్ పాతబస్తీ పెద్దలు ఆ వరదను ‘తుగ్యానీ సితంబర్’ అనేవారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరి మీద పడిన రోజది. పత్రికల్లో ‘చరిత్రలో ఈరోజు’ శీర్షిక కింద దానికి దక్కేది ఒక్క వాక్యమే. పదిహేను వేల మందిని పొట్టన పెట్టుకుందని చెప్పే ఉపద్రవానికి ఒక్క వాక్యం సరిపోదు.

శంషాబాద్‌లో ఒక్క రోజులోనే 12.8 అంగుళాల వాన కురిసింది. మూసీ, ఈసీ పరీవాహక ప్రాంతంలో అప్పటికి 788 చెరువులున్నాయి. పైచెరువు తెగి కిందిచెరువు మీద పడుతూ, 221 చెరువులకు గండ్లు పడ్డాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. వంతెనల్లో పురానాపూల్ మాత్రం నిలబడింది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ శాంతించమని నదికి హారతి పట్టాడని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

మరుసటి ఏడాది ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చాడు. నగరానికి ఎగువనే వరదను ఆపి, మెల్లగా కిందికి వదలాలన్నది ఆయన ఆలోచన. అలా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే గండిపేట అంటారు. ఆ పేరు వింటే మనకు మంచినీళ్లు, షికార్లు గుర్తొస్తాయి. అది ముందుగా వరదను పట్టుకోవడానికి కట్టిన చెరువు. నదీగర్భంలో ఇళ్లకు, రోడ్లకు అనుమతులిచ్చేవాళ్లు ఏటా ఈ రోజున విశ్వేశ్వరయ్య నివేదికను ఒకసారి తిరగేయాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఇదే తేదీన 1895లో వినుకొండలో కవి గుర్రం జాషువా పుట్టాడు. సరిగ్గా ఆ రోజే ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ కన్నుమూశాడు. పిచ్చికుక్క కాటుకు టీకా ఇచ్చిన మహానుభావుడి వర్ధంతి కాబట్టే సెప్టెంబర్ 28 ప్రపంచ రేబిస్ దినమైంది.

జాషువాది అంత తేలిగ్గా దాటిపోయే జీవితం కాదు. బతుకుతెరువు కోసం రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పాడు. కవిగా పేరొచ్చాక కూడా కులం పేరుతో అవమానాలు వెంటాడాయి. 1941 నాటి ‘గబ్బిలం’లో గుడి గడప తొక్కనివ్వని ఓ పేదవాడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపిస్తాడు. మనిషికి లేని ప్రవేశం ఆ ప్రాణికుంది. కాళిదాసు మేఘం మోసింది విరహాన్ని. ఈ గబ్బిలం మోసింది ఆకలిని, అంటరానితనాన్ని. మేఘసందేశం నడకను అరువు తెచ్చుకుని, అందులో తన జాతి నిప్పును నింపడం తెలుగు కవిత్వంలో అంతకుముందు ఎవరికీ రాని సాహసమని నా నమ్మకం. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి.

పెన్సిలిన్ పుట్టినరోజుగా లోకం లెక్కపెట్టేదీ ఈ తేదీనే. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్, సూక్ష్మజీవులు పెంచుతున్న గాజుపళ్లెంలో బూజు పట్టిన చోట అవి నశించడం గమనించాడు. ఆ దారిలోనే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. దాన్ని వెలికితీసిన లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జాషువా, సుబ్బారావు ఇద్దరిదీ ఒకే పుట్టిన సంవత్సరం, 1895.

ఇక ఇదే తేదీన 1929లో ఇండోర్‌లో పుట్టిన లతా మంగేష్కర్. తెలుగులో ఆమె పాడినవి కొద్ది పాటలే. 1955లో ‘సంతానం’ సినిమాకు సుసర్ల దక్షిణామూర్తి ఆమెతో జోలపాట పాడించాడు. 1988లో ‘ఆఖరి పోరాటం’ కోసం ఇళయరాజా బాణీకి బాలసుబ్రహ్మణ్యంతో గొంతు కలిపింది. ఆ రెంటికీ మధ్య ముప్ఫైమూడేళ్ల దూరం. ఈ ఆదివారం రెండూ వరసగా పెట్టుకుని వినండి.