కడలి లోతులకు కర్బనము

సముద్రము లోపల రేయింబవళ్లు ఒక సన్నని జల్లు కురియుచునే యుండును. అది నీటిబొట్ల జల్లు కాదు. ఎండ సోకెడి పైపొరలో కంటికి కానరాని వృక్షప్లవకములు, అనగా నీట తేలియాడెడి సూక్ష్మమైన మొక్కలు, బొగ్గుపులుసు వాయువును గ్రహించి పెరుగుచున్నవి. వానిని చిరుప్రాణులు మేయుచున్నవి. చచ్చిన మొక్కల తునకలు, ప్రాణుల మలము, కళేబరముల శకలములు ఒండొంటికి అంటుకొని మెల్లగా అడుగునకు దిగుచుండును. ఈ రేణువులతో ఎంత కర్బనము లోతునకు పోవుచున్నదో కొలుచు విధమును ఇచట వివరింపనెంచితిమి.

ఈ కొలత యేల? పైపొరలోనే కుళ్లిన రేణువుల కర్బనము కొలది కాలమునకే మరల గాలిలో కలియగలదు. వేయి మీటర్లు దాటి దిగినది వందల యేండ్లు గాలికి దూరమై యుండును. ఏటా పైపొరను విడిచి దిగు కర్బనము 500 కోట్ల టన్నులని కొందరు, 1,200 కోట్ల టన్నులని కొందరు అంచనా వేసిరి. ఈ అంతరమే కొలత యెంత కష్టమో తెలుపుచున్నది.

ఇందుకు వాడు సాధనము చూపునకు పెద్ద గరాటు. దానిని లంగరుతో అడుగునకు కట్టి, తేలెడి గోళములతో నిలువుగా నిలిపెదరు. గరాటు క్రింద గుండ్రని పళ్లెరములో చిన్న సీసాలుండును. కొన్ని దినముల కొకమారు పళ్లెరము తిరిగి క్రొత్త సీసా మూతి క్రిందికి వచ్చును. పడినది కుళ్లకుండ ఫార్మలిన్ వంటి మందు ముందే పోసియుంతురు. నెలల పిమ్మట ఓడ నుండి ధ్వని సంకేతము పంపగా, లంగరు విడి సాధనము పైకి తేలును. అందు చిక్కినదానిని ఎండబెట్టి, తూచి, కర్బనము లెక్కింతురు.

ఈశాన్య పసిఫిక్ సముద్రమున వేర్వేరు లోతులలో ఇట్లు కొలిచి, 1987లో జాన్ మార్టిన్, ఆయన సహచరులు ఒక లెక్క ప్రకటించిరి. నూరు మీటర్ల లోతును దాటిన కర్బనములో వేయి మీటర్లకు చేరునది సుమారు ఏడవ వంతే. తక్కినది దారిలోనే ప్రాణులకును సూక్ష్మజీవులకును ఆహారమగును.

అన్ని చోట్ల ఒకే లెక్క చెల్లదు. 1987 నుండి గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని హాంబర్గు విశ్వవిద్యాలయముల వారు మన బంగాళాఖాతమున గరాటులు నిలిపిరి. గంగా, బ్రహ్మపుత్ర, గోదావరి వంటి నదులు వర్షకాలమున తెచ్చు ఒండ్రుమట్టి రేణువులకు అంటుకొని, జాలరి వల యంచున కట్టు గుండ్ల వలె వానిని వడిగా దింపును. దారిలో కుళ్లు వ్యవధి తగ్గుటచే లోతునకు ఎక్కువ కర్బనము చేరును.

అయితే గరాటు తప్పు చెప్పు సందర్భములును కలవు. ప్రవాహము బలముగా నున్నచో తేలిక రేణువులు మూతిని తప్పిపోవును. ఈదుచు వచ్చిన ప్రాణులు లోపల చచ్చి బరువును పెంచును. కావున థోరియం 234 అను మూలకముతో సరిచూతురు. సముద్రజలములో కరగియున్న యురేనియం నుండి ఇది నిత్యము పుట్టుచు, రేణువులకు అంటుకొనును; 24 దినములలో సగము నశించును. పైపొరలో ఉండవలసినంత థోరియం లేనిచో, ఆ లోటు రేణువులతో దిగిపోయిన దన్నమాట.

ఈ కొలతల విలువ 2009లో బయటపడెను. భారత, జర్మనీ శాస్త్రజ్ఞులు పోలార్‌స్టెర్న్ అను ఓడలో దక్షిణ మహాసముద్రమునకు పోయి, సుమారు 300 చదరపు కిలోమీటర్ల నీటిలో ఇనుప లవణము కలిపిరి. ఇనుము చాలని ఆ నీట ప్లవకములు పెరిగినవి. కాని చిరుప్రాణులు వానిని మేసివేసినవి. నీటితోపాటు కొట్టుకొనిపోవు సాధనములును, థోరియం లెక్కయు ఒకే మాట చెప్పినవి: లోతునకు దిగు కర్బనము చెప్పుకోదగినంత పెరుగలేదు.

పైనుండి చూచినవారికి ఆ పచ్చదనము గొప్ప విజయముగా తోచియుండును. సముద్రమునకు ఎరువు వేసి గాలిని శుభ్రపరతుమను ప్రతిపాదనలు నేటికిని వినవచ్చుచున్నవి. అట్టివారిని మనము అడుగవలసినది ఎంత పెరిగినదని కాదు, ఎంత దిగినదని.