కుక్క ఱొమ్ముకట్టు - దాని వలన గలుగు వ్యాధులు

కృష్ణాతీరమున నివసించు పెద్దలకు ఎద్దును చూచు విధము నేను నేర్పనక్కఱలేదు. సంతలో కోడె యెదుట నిలిచి, మూపురమును, గిట్టలను చూచి, ముంగాళ్ళ నడుమ ఱొమ్ము ఎంత వెడల్పున్నదో చూచిన పిమ్మట గాని మీరు బేరమునకు దిగరు. కాని కుక్కను తెచ్చుకొనునపుడు మాత్రము ఆ పరీక్ష చేయువారు అరుదు. రంగు బాగున్నదా, చెవులు నిక్కియున్నవా, వెల యెంత - ఇంతటితో సరి. కుక్కకును ఱొమ్ముకట్టు కలదు. ఆ కట్టునుబట్టి కొన్ని యపాయములును కలవు. వానిలో నొకటి కొన్ని గంటలలోనే ప్రాణము తీయునది. నేను పశువైద్యవృత్తిలో చాలకాల ముండినవాడను గావున, నేటి ప్రసంగమున ముఖ్యముగా దానిని గూర్చియే చెప్పదలచితిని.

కుక్కను ప్రక్కనుండి చూడుడు. మూపునుండి క్రింది ఱొమ్ముటెముక వఱకు గల కొలత లోతు. ముందునుండి చూడుడు. ఒక వైపు ప్రక్కటెముకలనుండి రెండవ వైపు ప్రక్కటెముకల వఱకు గల కొలత వెడల్పు. లోతు మిక్కుటమై వెడల్పు తక్కువైనచో అది లోతు ఱొమ్ము. వెడల్పు హెచ్చి ప్రక్కటెముకలు గుండ్రముగా వంగియున్నచో అది పీపా ఱొమ్ము. మన వీధులలో దిరుగు ఊరికుక్క ఈ రెంటికిని నడిమిది. దానిని ఎవరును ఎన్నిక చేసి పెంచలేదు. ఎండయు, ఆకలియు, పరుగును దానిని తీర్చిదిద్దినవి.

ఇచ్చట కొల్లేటి జాగిలమును తలచకుండుట నాకు సాధ్యము కాదు. జోనంగి యని దీనికి వాడుకపేరు. కొల్లేటి చుట్టుప్రక్కల బాతులను మేపువారు మందలను కాయుటకు దీనిని ఉంచుకొనుచుండిరి. పొట్టివెండ్రుకలు, ముడుతలుపడిన నుదురు, మొఱుగుటకు బదులు రాగము తీసినట్లు వింతగా కూయుట దీని గుర్తులు. బాతుల మందలు తగ్గి చేపల చెరువులు హెచ్చిన కొలదిని ఇదియు తగ్గిపోయినది. 2005వ సంవత్సరమున తపాలాశాఖవారు స్వదేశపు శునకముల బొమ్మలతో వెలువరించిన నాలుగు బిళ్ళలలో ముధోలు వేటకుక్కకును, రాజపాళయపు కుక్కకును చోటు దొరకినది. రాజపాళయము వేఱు రాష్ట్రమున నున్నను, అచ్చటి రాజులు తెలుగు మాటలాడువారే గనుక ఆ గౌరవమున మనకును కొంత పాలు గలదనుకొందము. జోనంగికి మాత్రము చోటు దొరకలేదు. నాకది కొంచెము కష్టముగానే తోచినది.

ముధోలు, రాజపాళయము వంటి వేటజాతులకు లోతు ఱొమ్ము దోషము గాదు. గుండెకును ఊపిరితిత్తులకును చోటిచ్చి పరుగునకు తోడ్పడునది. కాని ఆ కట్టే మహాకాయములగు జాతులలో ముప్పు తెచ్చుచున్నది. నేడు బెజవాడ మేడలయందును, మన గ్రామముల తోటలయందును కాపలాకై పెంచుచున్న గ్రేట్‌డేన్, అల్సేషియన్, డాబర్మన్ కుక్క లన్నియు లోతు ఱొమ్ము గలవే.

ఆ ముప్పు ఎట్టిదో చెప్పెదను. తడిసిన పిల్లిపెసరను ఆబగా మేసిన ఎద్దునకు ఎడమ డొక్క పొంగి డోలువలె మ్రోగుట మీ రెఱుగుదురు. వైద్యుడు డొక్కలో బోలుసూది గ్రుచ్చగా గాలి వెడలి పశువు తేరుకొనును. కుక్కకును కడుపు ఇట్లే ఉబ్బును. అంతటితో ఆగిన మేలే. కాని లోతైన, ఇరుకైన ఱొమ్ము గల కుక్కలో జీర్ణాశయము ఉబ్బుచునే మెలిదిరుగును. జీర్ణాశయమును పట్టియుంచు కట్లు ఇట్టి కుక్కలలో సాగి, అది జోలెవలె వ్రేలాడి ఊగుటకు చోటు దొరకుటయే ఇందులకు హేతువని వైద్యుల యూహ. మూట మూతి మెలిపెట్టినట్లు పైదారియు క్రిందిదారియు మూసికొనిపోవును. లోనిగాలి త్రేనుపుగా రాదు, వమనముగా రాదు, క్రిందికిని పోదు. ప్లీహము కూడ దానితో తిరిగిపోవును. ఉబ్బిన జీర్ణాశయము వెనుకభాగమునుండి గుండెకు రక్తము తెచ్చు పెద్దసిరను అదిమివేయును. గుండెకు రక్తము చాలక దేహమంతయు కుంగిపోవును. దీనిని విడిచిపెట్టినచో మరణమే. చికిత్స జరిగినను అన్ని కుక్కలును బ్రదుకవు. ఆలస్యమైన కొలదిని ఆశ సన్నగిల్లును.

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు 1990 తరువాతి యేండ్లలో సుమారు రెండువేల కుక్కలను గమనించి, 2000వ సంవత్సరమున ఫలితములు ప్రకటించిరి. గ్రేట్‌డేన్ కుక్కలలో తమ జీవితకాలమున నూటికి సుమారు 40 దీని పాలబడునని వారి గణితము. వయసు మీఱిన కుక్కలకును, తిండి ఆబగా మ్రింగువానికిని, తోబుట్టువులకో తల్లిదండ్రులకో ఈ వ్యాధి వచ్చినవానికిని అపాయము హెచ్చు. తిండిగిన్నెను ఎత్తుపీట మీద నుంచుట మేలని పలువురు నమ్ముచుండగా, అట్లుంచిన కుక్కలకే వ్యాధి హెచ్చుగా వచ్చినట్లు అందు తేలినది.

ఇక లక్షణములు. తిన్న కొంతసేపటికి కుక్క నిలుకడలేక అటునిటు తిరుగును. పండుకొనును, లేచును, తన ప్రక్కకు తాను చూచుకొనును. నోట చొంగ కారును. మాటిమాటికి ఓకరించును గాని నురుగు తప్ప ఏమియు రాదు. ఈ వట్టి ఓకరింతయే ముఖ్యమైన గుర్తు. పొట్ట ఉబ్బు కనబడవలెనని కాచుకొనరాదు. లోతు ఱొమ్ము గల కుక్కలో ఉబ్బు మొదట ప్రక్కటెముకల చాటుననే యుండును.

ఒకమారు ఉయ్యూరు ప్రాంతమున ఒక గృహస్థు ఇంట పెండ్లివిందు మిగులు తిన్న గ్రేట్‌డేన్ ఇట్లే చొంగ కార్చుచు తిరుగుచుండగా, వెఱ్ఱి యెత్తినదని తలచి గొడ్లసావిడిలో గొలుసువేసి తలుపు బిగించిరి. నేను పోవునప్పటికి తెల్లవాఱినది. చేయుటకేమియు మిగులలేదు. ఈ పొరపాటు అనేక గ్రామములలో జరుగునదే. వెఱ్ఱికుక్కకును చొంగ కారును, నిజమే. కాని తిండి తిన్న వెంటనే మొదలై, వట్టి ఓకరింతతోను, బిగిసిన పొట్టతోను కూడినది ఉబ్బరమని మొదట అనుమానింపవలెను. ఏమైనను నోట చేయి పెట్టరాదు. కుక్క కఱచినను, చొంగ గాయమునకు తగిలినను సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, టీకాకు పోవలయును.

ఎద్దుకు పోసినట్లు నూనెగాని, సోడాగాని, కషాయముగాని పోయకుడు. లోనికి దారి మూసికొనియుండగా పోసినది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. సూది గ్రుచ్చుటయు మీ పని గాదు. వెంటనే దగ్గఱి పశువైద్యునకు ఫోను చేసి, కుక్కను బండిలో వేసికొని బయలుదేరుడు. ఆయన గొట్టముతోనో సూదితోనో గాలి తీసి, సెలైను ఎక్కించి కొంత వ్యవధి సంపాదింపగలడు. తరువాత శస్త్రచికిత్స తప్పదు. మెలి విప్పి, జీర్ణాశయమును కుడివైపు ప్రక్కగోడకు కుట్టివేయుదురు. ఇందులకు వసతిగల చోటు ఏదో ముందుగానే విచారించి యుంచుకొనుడు. మన ప్రాంతమువారు గన్నవరములోని పశువైద్య కళాశాలను అడిగి తెలిసికొనవచ్చును.

పీపా ఱొమ్ము జాతుల సంగతి కొలదిగా చెప్పెదను. బుల్‌డాగు, పగ్ అనునవి ఇట్టివి. వీని బాధ ఱొమ్ముకంటె ముక్కునందే హెచ్చు: ముట్టె పొట్టి, నాసికారంధ్రములు ఇరుకు, అంగిలి పొడుగై గొంతునకు అడ్డుపడును. కుక్క వగర్చుటచేతనే ఒడలు చల్లార్చుకొనును గదా. వగర్చుటకే దారి లేనిదానికి బెజవాడ వైశాఖపు టెండ, 44, 45 డిగ్రీల వేడి, ప్రాణాంతకము. ఎండదెబ్బ తగిలినచో నీడకు చేర్చి, ఒడలంతయు చల్లనినీట తడిపి, విసరుచు వైద్యునియొద్దకు కొనిపోవలెను. ఇట్టి కుక్కను ఈ దేశమునకు తెచ్చుట దానికి మేలుచేయుట కాదని నా యభిప్రాయము.

లోతు ఱొమ్ము కుక్కను ఇదివఱకే పెంచుచున్నవారు దినమున కొక్కమారు పెద్దముద్ద పెట్టు అలవాటు మానవలెను. ఆ తిండినే రెండుమూడు పూటలకు పంచుడు. ఆబగా మ్రింగుదానికి గిన్నెలో దాని నోటికంటె పెద్దదగు నున్నని రాయి యొకటి ఉంచినచో చుట్టును వెదకికొని మెల్లగా తినును. తిన్న గంటసేపు పరుగెత్తింపకుడు. విందు మిగులు పెట్టకుడు. ఆడుకుక్కకు పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయించునపుడే, జీర్ణాశయమును ప్రక్కగోడకు కుట్టుటయు చేయింపవచ్చును. అట్లు చేసినచో మెలిపడుట మిక్కిలి అరుదు. క్రొత్తగా పిల్లను కొనువారు దాని తల్లిని, తండ్రిని చూడగోరవలెను; ఆ సంతతిలో ఏదైన కడుపుబ్బి చచ్చినదా యని అమ్మువానిని మొగమెదుట అడుగవలెను.