తెనాలి లైను సినిమాలు

సంబరాల్లో ఏ సినిమా వేద్దామని కమిటీ కూర్చుంటే అందరి నోటా ముందు వచ్చేది 'మాయాబజార్'. కాదనేదెవరు? అందులోనూ మన వాటా ఉంది, విజయా వారి చక్రపాణి తెనాలి ఐతానగర్ మనిషి. కానీ ఈసారి మారుద్దాం. తెనాలి, బాపట్ల, రేపల్లె పొలిమేర దాటకుండానే రకానికొకటి దొరుకుతుంది.

నవ్వుకోవడానికి 'మిస్సమ్మ' (1955). ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడిన ఇద్దరు నిరుద్యోగుల కథ. మూలం బెంగాలీదైనా, శరత్‌ను తెనిగించిన చక్రపాణి చేతిలో పడి అచ్చంగా మనింటిదైపోయింది. సంఘ సంస్కరణ కావాలంటే 'మాలపిల్ల' (1938). కథ చలానిది, ఆయన పెరిగింది తెనాలిలోనే. నడక ఇప్పటివాళ్లకు నిదానమే. అయినా సుందరరామశాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావును చూడండి. ఈ తెనాలి వైద్యుడే తర్వాత 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు.

బుర్రిపాలెం కృష్ణది ఇంకో దారి. 'గూఢచారి 116'తో తుపాకీ పట్టారు. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' కోసం వరిచేల మధ్య పెరిగిన మనిషి రాజస్థాన్ ఇసుకలో గుర్రమెక్కారు. కౌబాయ్ టోపీ తెలుగువాడి తలకు నప్పుతుందా అని ఎవరూ అడగలేదు, ఈలలేశారు. 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో సినిమాస్కోప్, 1986లో 'సింహాసనం'తో 70 ఎం.ఎం. తెలుగు తెరకు వచ్చాయి. పిల్లల్ని కూర్చోబెట్టాలంటే ఈయనే దిక్కు.

బాపట్ల కోన ప్రభాకరరావు 'ద్రోహి' (1948) వంటి సినిమాల్లో నటించి, ఆనక శాసనసభ స్పీకరై, మహారాష్ట్ర గవర్నరయ్యారు. మనవడు కోన వెంకట్ 'దూకుడు' రచయితల్లో ఒకరు. హీరో మహేశ్‌ది బుర్రిపాలెం వంశమే.

నా ఓటు మాత్రం 'నిమజ్జనం'కి. తెనాలి ఆడపడుచు శారద 'తులాభారం', 'స్వయంవరం' అనే మలయాళ చిత్రాలకు జాతీయ ఉత్తమ నటి అవార్డులందుకున్నాక, మూడోది ఈ తెలుగు చిత్రానికి వచ్చింది. అస్థికలు కలపడానికి కాశీ వెళ్లిన దంపతుల కథ ఇది. భోజనాలకు ముందే వేయండి, తర్వాతైతే సగం హాలు పార్కింగులో కబుర్లాడుతుంది.

ఇక డాక్యుమెంటరీ. ఒకప్పుడు హాళ్లలో ఫిల్మ్స్ డివిజన్ న్యూస్‌రీల్ పడుతుంటే జనం బయట గోలీసోడా తాగుతూ, పేర్లు పడ్డాకే లోపలికొచ్చేవారు. ఆ నిర్లక్ష్యానికి పరిహారంగా మనమే ఒకటి తీద్దాం. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రిని రేపల్లె వైపు కళ్లారా చూసినవాళ్లు మన సభ్యుల ఇళ్లలోనే ఉండొచ్చు. వాళ్లను మాట్లాడించడానికి ఫోను కెమెరా చాలు. నిడివి మాత్రం ఇరవై నిమిషాలు దాటకూడదు, అధ్యక్షులవారి సందేశంతో కలిపి.