అ వైచన్: మూడు దారులు చేరే మారుమూల శిఖరం

స్కాట్లండ్ హైలాండ్స్‌లో రోడ్డుకు చాలా దూరాన ఉన్న ఈ కొండను పడమర నుంచి, ఉత్తరం నుంచి, దక్షిణం నుంచి చేరే నడకదారులు ఆ సీమ శిలలనూ చరిత్రనూ చట్టాన్నీ మూడు విధాలుగా చూపిస్తాయి.

స్కాట్లండ్ ఉత్తరార్ధంలో సముద్రపు పాయల నడుమ, మంచినీటి సరస్సుల నడుమ విస్తరించిన కొండల సీమను హైలాండ్స్ అంటారు. ఆ సీమకు వాయవ్య మూలన, లోఖ్ మరీ అనే పొడవాటి సరస్సుకు ఈశాన్యంగా, ఊరు గానీ తారురోడ్డు గానీ లేని విశాలమైన కొండప్రాంతం మధ్యలో 967 మీటర్ల ఎత్తున అ వైచన్ నిలిచి ఉంది. గేలిక్ భాషలో కన్య అనే అర్థమిచ్చే పేరు గల ఈ పర్వతాన్ని ‘మన్రో’లన్నిటిలోకీ అతి మారుమూలదిగా అక్కడి నడకరులు చాలాకాలంగా పరిగణిస్తున్నారు. మన్రో అంటే 3,000 అడుగులు, అంటే 914.4 మీటర్లు దాటిన స్కాట్లండ్ పర్వతం. 1891లో సర్ హ్యూ మన్రో తొలిసారి ప్రకటించిన పట్టిక వల్ల ఆ పేరు స్థిరపడింది. పట్టికలో ఇప్పుడు 282 శిఖరాలున్నాయి. కొలతల విషయంలో ఈ పట్టిక ఎంత నిక్కచ్చిగా ఉంటుందంటే, అ వైచన్‌కు పొరుగునే ఉన్న బేన్ అ ఖ్లైవ్ శిఖరం తాజా కొలతలో 913.96 మీటర్లని తేలడంతో, అర మీటరైనా లేని ఆ లోటుకే 2012లో దాన్ని తొలగించారు.

అ వైచన్‌కు మారుమూలతనం తెచ్చింది దాని ఎత్తు కాదు. ఏ వైపు నుంచి బయలుదేరినా కొండ పాదాన్ని చేరడానికే సగం రోజు నడవాలి. ఆ నడకలో దాటవలసిన వాగులు, పీట్ నేలలు, కనుమలు ఒక్కో దారిలో ఒక్కో తీరుగా ఉంటాయి. పీట్ అంటే చల్లని తేమలో నాచు, గడ్డి పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకుపోయిన నల్లని మెత్తటి మన్ను. వాన పడితే అందులో కాలు చీలమండ దాకా దిగబడుతుంది. అందువల్ల ఈ పర్వతాన్ని అర్థం చేసుకోవాలంటే శిఖరాన్ని వర్ణిస్తే చాలదు, దాన్ని చేరే దారులను విడివిడిగా పరిశీలించాలి.

పడమటి దారి: సరస్సుల మీదుగా

సముద్రతీర గ్రామమైన పూల్యూ నుంచి వచ్చే దారి మూడింటిలోనూ అతి విశాలమైన దృశ్యాన్ని ఇస్తుంది. ఉత్తర అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం పుణ్యమా అని చలి తీవ్రత తగ్గిన ఆ తీరంలోనే, 1862లో ఆస్‌గుడ్ మెకెంజీ ఇన్వర్యూ తోటను నాటడం మొదలుపెట్టి, దక్షిణార్ధగోళపు మొక్కలను కూడా పెంచాడు. ఊరు దాటి కెర్న్‌సరీ అనే చోట ఉన్న పొలాలనూ ఆ పైన నాటిన అడవినీ వెనక విడిచిన తరువాత దారి క్రమంగా సన్నబడి, దీవులతో నిండిన ఫియన్ లోఖ్ సరస్సు వైపు సాగి, దానికీ డూ లోఖ్‌కూ మధ్య వేసిన రాతి కట్ట మీదుగా అవతలి ఒడ్డున ఉన్న కార్న్‌మోర్‌కు చేరుతుంది. పూల్యూ నుంచి ఇక్కడికి సుమారు 15 కిలోమీటర్లు. శిఖరం దాకా వెళ్ళి తిరిగి రావాలంటే మొత్తం నడక 40 కిలోమీటర్లకు పైబడుతుంది కనుక, ఎక్కువమంది కార్న్‌మోర్ పరిసరాల్లో ఒక రాత్రి గడిపి మర్నాడు కొండ ఎక్కుతారు.

కార్న్‌మోర్ నుంచి పైకి వెళ్ళే బాట 19వ శతాబ్దంలో దుప్పుల వేట కోసం ఎస్టేట్లు వేయించిన బాటల కోవలోనిది. వేటాడిన దుప్పులను పొట్టి గుర్రాల మీద కిందికి దింపడానికి అనువుగా, నీరు పక్కకు పారే ఏర్పాటుతో, ఏటవాలును మెలికలతో నెమ్మదింపజేస్తూ వేసిన ఈ బాటలు నేటికీ నడకరులకు ఆధారం. బాటను విడిచి వాయవ్యపు కొండవెన్నును పట్టుకుంటే అక్కడక్కడ చేతులు కూడా ఆనించి ఎక్కవలసి వచ్చినా, ప్రతి మెట్టుకూ వెనుక సరస్సులు, వాటి వెనుక సముద్రం మరింతగా తెరుచుకుంటాయి.

ఈ దారిలోనే శిలల చరిత్ర కూడా కళ్ళకు కడుతుంది. అ వైచన్ దేహం ప్రధానంగా లూయిషియన్ నైస్ అనే బూడిదరంగు శిల. నైస్ అంటే భూగర్భంలో తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనై, ఖనిజాలు చారలు చారలుగా అమరిన రూపాంతర శిల. ఈ శిలలో అత్యంత పురాతనమైన భాగాల వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. తెలంగాణ, రాయలసీమల నేల అడుగున పరుచుకున్న అతి ప్రాచీన నైస్, గ్రానైట్ శిలలు కూడా భూమి తొలి యుగాలవే. పక్కనే ఉన్న రువ స్టాక్ మోర్ శిఖరం మాత్రం సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట నదులు తెచ్చి పోసిన ఇసుక గట్టిపడి ఏర్పడిన ఎర్రని టోరిడన్ ఇసుకరాయి. రెండు శిఖరాలను కలిపే కనుమ దగ్గర బూడిదరంగు ముగిసి ఎరుపు మొదలవుతుంది. ఆ సరిహద్దుకు ఇరువైపులా ఉన్న శిలల మధ్య వంద కోట్ల ఏళ్ళకు మించిన వ్యవధి ఉంది.

ఉత్తరపు దారి: నదులు నిర్ణయించే నడక

డండనెల్ సమీపంలోని కోరీ హాలీ నుంచి వచ్చే దారి భూర్జ వృక్షాల లోయ గుండా ఎక్కి, 1,062 మీటర్ల ఆన్ చాలఖ్ పర్వతాన్ని చుట్టుకుని షెనవాల్ అనే బోథీకి దిగుతుంది. కొండల్లో తాళం వేయకుండా, రుసుము తీసుకోకుండా ప్రయాణికుల కోసం ఉంచే సాదా రాతి ఇంటిని బోథీ అంటారు. విద్యుత్తు, పరుపు, నీటి కుళాయి ఏవీ లేని ఇటువంటి ఇళ్ళను 1965లో ఏర్పడిన మౌంటెన్ బోథీస్ అసోసియేషన్ స్వచ్ఛంద సేవకులతో కాపాడుతోంది. షెనవాల్ కూడా దాని సంరక్షణలోనే ఉంది.

షెనవాల్ దాటాక అసలు పరీక్ష మొదలవుతుంది. లోయ అడుగున వంతెన లేని రెండు నదులను, వాటి నడుమ ఉన్న చిత్తడి నేలను కాలినడకన దాటాలి. ఎండిన వారాల్లో మోకాలి లోతైనా ఉండని నీరు ఒక్క రాత్రి వానకు మనిషిని లాక్కుపోయే ఉధృతిని అందుకుంటుంది. ఉదయం సులువుగా దాటినవారు సాయంత్రం అవతలి ఒడ్డునే చిక్కుకోవచ్చు. అందుచేత ఈ దారిని ఎంచుకునేవారు దూరాన్ని కాక వాన రాకపోకలను లెక్కవేసి, నీరు పెరిగితే వెనుదిరగడానికి ముందే సిద్ధపడాలి. నదులు దాటిన తరువాత దారి ఒక చిన్న ఉపలోయలోకి మళ్ళి, మరో వేటబాట మీదుగా రువ స్టాక్ మోర్‌కూ అ వైచన్‌కూ మధ్యనున్న కనుమను చేరుతుంది.

దక్షిణపు దారి: బాట లేని చోటు

కిన్లోఖ్యూ గ్రామం పక్కనున్న ఇంచరిల్ నుంచి వచ్చే దారి అ వైచన్ మరో ముఖాన్ని చూపిస్తుంది. దీనికి రెండు పాయలున్నాయి: ఒకటి హైట్స్ ఆఫ్ కిన్లోఖ్యూ అనే చోటు దాకా బండిబాట మీద సాగి అక్కడి నుంచి ఉత్తరానికి లోయ వెంట ఎక్కుతుంది, రెండోది 981 మీటర్ల స్లియోఖ్ పర్వతం పక్కనున్న బియనస్డేల్ లోయ గుండా వెళుతుంది. రెండూ లోఖన్ ఫాడ అనే సరస్సు దగ్గర ముగుస్తాయి. అక్కడి నుంచి బాట లేదు. పీట్ గుంటలను తప్పించుకుంటూ, మబ్బు కమ్మితే పటం, దిక్సూచి ఆధారంగా, కొండ ఆగ్నేయపు వాలును వెతికి పట్టుకోవాలి. గడ్డి పరుచుకున్న ఆ వాలు చివరిదాకా ఎంత సౌమ్యంగా ఉంటుందంటే, శిఖరపు అంచు నుంచి పడమటి వైపు బండలు నిట్టనిలువుగా తెగిపోయి ఉన్నాయన్న సంగతి పైకి చేరేదాకా తెలియదు. ఎక్కడం తేలిక, దారి కనుక్కోవడం కష్టం అన్నది ఈ దారి లక్షణం.

నిర్జనత వెనుక చరిత్ర

ఈ సీమను చూసినవారికి ఇది మొదటి నుంచీ మనిషి అడుగుపెట్టని ప్రకృతి అన్న భావన కలగడం సహజమే కానీ, అది సగం సత్యం. పటాల్లో ‘ఫారెస్ట్’ అని రాసి ఉన్నా ఇక్కడ చెట్లు దాదాపు లేవు. దుప్పుల వేటకు కేటాయించిన కొండలను ఆ పేరుతో పిలవడం అక్కడి పరిపాటి. 17వ శతాబ్దం తొలి దశకాల్లోనే లోఖ్ మరీ ఒడ్డున ఇనుప కొలుములు పనిచేశాయి, వాటి బొగ్గు కోసం చెట్లు నరికారు. ఆ తరువాత 18, 19 శతాబ్దాల్లో గొర్రెల మేతకు, ఇతర లాభాలకు హైలాండ్స్ అంతటా భూస్వాములు కౌలు కుటుంబాలను లోయల నుంచి వెళ్ళగొట్టారు. గొర్రెల తరువాత వేట ఎస్టేట్లు వచ్చాయి. ఈ రోజు నడకరులు కోరుకునే ఏకాంతంలో కొంత ప్రకృతి ఇచ్చినదైతే, కొంత ఆ చరిత్ర మిగిల్చినది.

ఆ భూమి మీద నడిచే హక్కు కూడా అలాగే చరిత్రలో సంపాదించుకున్నదే. 1978లో ఈ కొండలున్న లెటర్యూ ఎస్టేట్‌ను కొన్న డచ్చి వ్యాపారవేత్త పాల్ వాన్ ఫ్లిసింగెన్‌కూ, పర్వతారోహకుల, పాదచారుల సంఘాలకూ మధ్య 1993లో లెటర్యూ ఒప్పందం కుదిరింది. వేట కాలంలో నడకరులు పాటించవలసిన పద్ధతులను పరస్పర అంగీకారంతో నిర్ణయించిన ఆ పత్రం స్కాట్లండ్ అంతటికీ మార్గదర్శకమైంది. పది సంవత్సరాల తరువాత, 2003లో స్కాట్లండ్ పార్లమెంటు చేసిన భూసంస్కరణ చట్టం బాధ్యతతో కూడిన ప్రవేశ హక్కును అందరికీ ఇచ్చింది. మోటారు వాహనాలకు మాత్రం ఆ హక్కు వర్తించదు. భూమి ఎవరిదైనా చాలాచోట్ల దాని మీద నడవవచ్చు, గుడారం వేసుకోవచ్చు. ఈ హక్కుకు పౌరసత్వంతో సంబంధం లేదు కనుక, గ్లాస్గోలో చదువుకునే తెలుగు విద్యార్థికీ అక్కడే పుట్టిపెరిగిన వ్యక్తికీ అది సమానమే. 2014లో అక్కడి ప్రకృతి సంరక్షణ సంస్థ గుర్తించిన 42 వన్యభూమి ప్రాంతాల్లో ఈ కొండలు కూడా ఉన్నాయి.

దూరం కోరే సన్నద్ధత

దాదాపు 58 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉండడం వల్ల జూన్‌లో ఇక్కడ పగలు సుమారు 18 గంటలు, డిసెంబరులో ఏడు గంటల లోపే. మే, జూన్ నెలలు నడకకు అనువైనవి. ఆ తరువాత మిడ్జ్ అనే సన్నని కుట్టే ఈగలు గుంపులుగా వాలతాయి, వేసవి చివరి నుంచి అక్టోబరు దాకా మగ దుప్పుల వేట ముమ్మరంగా సాగుతుంది కనుక ఎస్టేట్ సూచనలను తెలుసుకుని బయలుదేరడం మర్యాద. లోయల్లో ఫోను సంకేతాలు అందుతాయన్న నమ్మకం లేదు. ప్రమాదం జరిగితే గాలించి వచ్చే డండనెల్, టోరిడన్ సహాయక దళాలు స్వచ్ఛంద సేవకులవే. సన్నద్ధత లేకుండా బయలుదేరేవారు తమతోపాటు ఆ సేవకుల ప్రాణాలను కూడా పణంగా పెడతారు.

మూడు దారుల్లో ఏది మేలైనదన్న ప్రశ్నకు అందరికీ సరిపడే సమాధానం లేదు: దృశ్యం కోరేవారికి పడమరది, నదుల తీరు ఎరిగినవారికి ఉత్తరానిది, పటం చదవగలవారికి దక్షిణానిది తగినవి. మూడింటికీ సమానమైన విలువ మాత్రం ఒకటి ఉంది: దూరం. ఈ కొండల్లోకి తారురోడ్డు వేస్తే అ వైచన్ మధ్యాహ్నపు విహారస్థలంగా మారిపోతుంది, దాన్ని విశిష్టం చేసిన ఏకైక గుణం ఆనాడే పోతుంది. దూరాన్ని లోపంగా భావించి చెరిపివేయడానికి ఆధునిక కాలం అలవాటుపడింది. ఇక్కడ ఆ దూరాన్నే సంపదగా గుర్తించి, దానిలోకి నడిచే స్వేచ్ఛను అందరికీ ఇచ్చి, దాన్ని కాపాడే బాధ్యతను కూడా ఆ నడిచేవారికే అప్పగించారు. ఏ దారిన వెళ్ళినవారైనా ఆ బాధ్యతను నెరవేర్చినంతకాలమే ఈ శిఖరం మారుమూలదిగా మిగులుతుంది.