నవ్వితే నువ్వుండలు, పాకితే పాయసం... మాట రాకపోతే?

మంగంపేట: ముగ్గురాయి గనిలో బ్లాస్టింగ్ జరిగితే మంగంపేటలో కిటికీ తలుపులు అదురుతాయి. అరుగు మీద కునుకు తీస్తున్న తాత లేచి కూర్చుంటాడు. ఉయ్యాల్లో చంటిబిడ్డ మాత్రం కదలక మెదలక నిద్రపోతుంటే "మావాడు ఎంత నెమ్మదస్తుడో" అని జేజి మురిసిపోతుంది. ఒకటి రెండుసార్లయితే మురిసిపోవచ్చు. ఏ శబ్దానికీ, ఏ పూటా ఉలిక్కిపడకపోతే మాత్రం అది నెమ్మదితనం కాదు. బిడ్డకు చెవులు వినిపించడం లేదేమోనని అనుమానించాలి.

ఓబులవారిపల్లె మండలంలోని ఈ ఊరి ముగ్గురాయి చమురు బావుల తవ్వకానికి దేశదేశాలకు వెళుతుంది. పొద్దున్నే తల్లులు మిల్లులకో, తోటలకో కూలికి పోతే బిడ్డ అవ్వ ఒడిలోనే ఉంటుంది. అందుకే బిడ్డ ఎదుగుదలలో లోపాన్ని ముందుగా పసిగట్టగలిగేది డాక్టరు కాదు, ఇంట్లోని పెద్దామే.

వంటకాలతో లెక్క

బిడ్డ ఎదుగుదలను లెక్కగట్టే పద్ధతి మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు, పలుకు వస్తే పంచదార చిలకలు. సీమలో బొబ్బట్లను ఓళిగలంటారు, అంతే తేడా. వీధిలో పంచిపెట్టడం వేడుకే అయినా, ఏ బిడ్డ ఏ నెలలో ఏం చేసిందో ఊరంతటికీ గుర్తుండిపోయేది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి లెక్కే కట్టింది. ఇండియా, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో పిల్లలను నెలనెలా గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. దాని ప్రకారం ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, ఒంటరిగా నడవడం 8 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చు. నూటికి నలుగురు పిల్లలు చేతులు, మోకాళ్ల మీద పాకకుండానే నడక నేర్చారు. కాబట్టి పక్కింటి పాప పదో నెలలో నడిచిందని, మన పాప పన్నెండో నెలలోనూ నడవలేదని బెంగపడనక్కర లేదు. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా పుట్టిన రోజు నుంచి కాక, కాన్పు కావలసిన తేదీ నుంచి వయసు లెక్కపెట్టాలి.

మాట దగ్గరే మోసం

చెవుడుతో పుట్టిన బిడ్డ అందరిలాగే నవ్వుతుంది. వేళకు బోర్లా పడుతుంది, వేళకు నడుస్తుంది. నాలుగైదు నెలలప్పుడు "ఊ", "ఆ" అని ఉంగాలు కూడా కొడుతుంది. దానితో ఇంట్లో వారికి అనుమానమే రాదు. తన గొంతు తనకు వినపడక తర్వాతి నెలల్లో ఆ ఉంగాలు తగ్గిపోతాయి. అప్పుడైనా మేలుకోవాలి. కానీ "మగపిల్లలకు మాట ఆలస్యం", "వాళ్ల నాయనకూ మూడేళ్లకే మాటొచ్చింది" అంటూ కాలం గడిపేవారే ఎక్కువ.

ఈ ఆలస్యమే కొంప ముంచుతుంది. మాట నేర్చే శక్తి మెదడుకు తొలి ఏళ్లలో ఉన్నంతగా తర్వాత ఉండదు. పుట్టిన నెలలోపు చెవి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలన్నది నిపుణుల సూత్రం. వినికిడి యంత్రం పెట్టి మాట నేర్పిస్తే చాలామంది పిల్లలు మాట్లాడగలరు. యంత్రం చాలని వారికి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది. అదీ చిన్న వయసులో చేస్తేనే ఫలితం ఎక్కువ.

మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు జరిగిన కుటుంబాలు మరింత జాగ్రత్తగా ఉండాలి. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి చేసుకున్న వారి పిల్లల్లో పుట్టు చెవుడు ఎక్కువగా కనిపిస్తుంది. పుట్టగానే పచ్చకామెర్లు ముదిరినా, మెదడువాపు జ్వరం వచ్చినా వినికిడి దెబ్బతినవచ్చు.

ఎప్పుడు చూపించాలి?

మూడో నెల నిండినా మనిషి ముఖం చూసి నవ్వకపోతే, ఐదో నెలకూ మెడ నిలబడకపోతే, తొమ్మిది నెలలు నిండినా కూర్చోలేకపోతే, ఏడాదిన్నరకు నడక రాకపోతే డాక్టరుకు చూపించాలి. ఏడాదిన్నరకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్లకు "అమ్మ, బువ్వ" అని రెండు మాటలు కలపలేకపోయినా ఆగకూడదు. వచ్చిన మాట, వచ్చిన నడక పోయిందంటే ఏ వయసులోనైనా వెంటనే ఆసుపత్రికి పోవలసిందే.

ఇంట్లో వినికిడి చూడాలంటే బిడ్డకు కనపడకుండా వెనకనుంచి గంటో, గిన్నో మోగించాలి. తలుపు దబాలున వేస్తే, గని పేలితే ఉలిక్కిపడిందని నిశ్చింతగా ఉండకూడదు. నేల అదురు చెవిటి బిడ్డకూ తెలుస్తుంది. అనుమానముంటే ఆసుపత్రిలో పరీక్ష చేయించాలి. చెవిలో చిన్న బిరడా లాంటిది పెట్టి కొద్ది నిమిషాల్లో చూస్తారు. సూది లేదు, నొప్పి లేదు.

ఇంటి దగ్గరే మొదలు

గర్భిణులకు ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ఏ నెలలో బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ కార్డు టీకాల రోజున తప్ప పెట్టెలోంచి బయటికి రాదు. చదువు రాని అవ్వకు కూడా ఆ బొమ్మలు అర్థమవుతాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. లోపం కనిపిస్తే జిల్లాస్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. బృందం వచ్చిన రోజున కూలికి పోకుండా బిడ్డను అంగన్‌వాడీకి తీసుకువెళ్లడం తల్లిదండ్రుల వంతు.

ఒక రోజు కూలి పోతే మరునాడు సంపాదించుకోవచ్చు. మాట నేర్చే వయసు పోతే తిరిగి రాదు. అరిసెలు పంచిన ఇంట్లో పంచదార చిలకలు కూడా పంచాలంటే, అవ్వకు వచ్చిన తొలి అనుమానాన్ని ఇంటిల్లిపాదీ చెవిన పెట్టాలి.